ఈసీజీ బాగానే ఉంది, మరి ఈ దడ ఎందుకు?

రాత్రి పదిన్నర దాటాక మా క్యాజువాలిటీ ముందు ఆటో ఆగిందంటే కాన్పు నొప్పులో, పాము కాటో, బండి మీద నుంచి పడ్డవారో అనుకుంటాము. కానీ అప్పుడప్పుడు ఆ ఆటోలో నుంచి ముప్పై, ముప్పై అయిదేళ్ళ ఒక అమ్మ దిగుతుంది. చెయ్యి గుండె మీద ఉంటుంది. వేళ్ళు కొంకర్లు పోతుంటాయి. "సిస్టర్, నా ప్రాణం పోతోంది, పిల్లలు చిన్నవాళ్ళు సిస్టర్" అంటుంది. వెనకాల భర్త చేతిలో పాత రిపోర్టులున్న ప్లాస్టిక్ సంచి. ఈసీజీ తీస్తాము. నాడి నిమిషానికి 120, బీపీ కాస్త ఎక్కువ, ఈసీజీ మాత్రం శుభ్రంగా ఉంటుంది. అరగంటలో దడ దానంతటదే తగ్గుతుంది. "ఏమీ లేదమ్మా, ఉత్త గాబరా. ఇంటికి వెళ్ళి పడుకో" అని పంపిస్తాము.

అలా చెప్పి పంపినవాళ్ళం మేమే. చాలా ఏళ్ళు అలాగే పంపాము. నెల తిరక్కుండా ఆవిడ మళ్ళీ వచ్చేది, సంచిలో ఇంకో ఈసీజీ చేరేది. "ఏమీ లేదు" అన్నమాట తప్పని, ఏమీ లేకపోతే మనిషి అన్నిసార్లు అర్ధరాత్రి ఆటో ఎక్కి రాదని మాకు తెలిసేసరికి కొంత ఆలస్యమైంది. ఆవిడకున్నది ఒక జబ్బు. దానికి పేరుంది, మందుంది, నయమయ్యే దారి ఉంది. వైద్యులు దాన్ని ఆందోళన రుగ్మత అంటారు. ఆ అమ్మకు వచ్చినట్టు ఉన్నట్టుండి విరుచుకుపడితే పానిక్ అటాక్ అంటారు.

ఈ వ్యాసంలో మేము చెప్పబోయే ఆవిడ ఏ ఒక్కరో కాదు. మా ఓ.పి. బల్లల మీద కూర్చునే పదిమందిని కలిపితే వచ్చే మనిషి. ఊరు అవనిగడ్డ అనుకోండి. మీ వీధిలోనూ ఉండవచ్చు.

దించని ప్రమాద సూచిక

మన బందరువారికి ఈ సంగతి చెప్పడం తేలిక. తుపాను వస్తోందంటే ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. ఒకటో నంబరు, మూడో నంబరు, గాలివాన దగ్గరపడితే పదో నంబరు. తుపాను దాటిపోగానే దించేస్తారు. మన మెదడులోనూ అటువంటి సూచిక ఒకటి ఉంది. గట్టు మీద నడుస్తుంటే కాళ్ళ ముందు పాము కనబడిందనుకోండి, మీరు ఆలోచించేలోపే సూచిక ఎగురుతుంది. అడ్రినలిన్ అనే రసాయనం రక్తంలోకి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుని కాళ్ళకు, చేతులకు రక్తం పంపుతుంది. ఊపిరి వేగం పెరుగుతుంది. కడుపులో జీర్ణం ఆగిపోతుంది, చెమట పడుతుంది. ఇదంతా మీరు ఒక్క గెంతు గెంతి బతకడానికే.

ఆందోళన రుగ్మతలో ఈ ఏర్పాటు పాము లేకుండానే పని చేస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, పదో నంబరు మాత్రం ఎగురుతూ ఉంటుంది. గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటోంది, చెమట నిజంగానే పడుతోంది. నటన అనడానికి అందులో ఏమీ లేదు. వేగంగా, పైపైన ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అందువల్లే మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్ళు కొంకర్లు, తల తిరుగుడు. "ఊపిరి అందడం లేదు" అని ఆవిడ అంటుంది కానీ అప్పటికే ఆవిడ అవసరానికి మించి ఊపిరి తీస్తోంది. (ఇటువంటప్పుడు మూతికి కాగితం సంచో, కవరో పెట్టమని కొందరు చెబుతారు. దయచేసి పెట్టకండి. అది ఆస్తమాయో గుండెపోటో అయితే ప్రాణం మీదికి వస్తుంది.)

పానిక్ అటాక్ సాధారణంగా పది నిమిషాల్లోపే శిఖరానికి చేరి, తరువాత మెల్లగా దిగుతుంది. అది మనిషిని చంపదు. అయితే అసలు నష్టం ఆ పది నిమిషాల్లో జరగడం లేదు. మిగిలిన రోజంతా, మిగిలిన నెలంతా జరుగుతోంది. అది చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాము.

బతుకు ఎలా కుదించుకుపోతుందంటే

ఆవిడకు మొదటిసారి దడ వచ్చింది బందరు బస్సులో. ఎండాకాలం, నిలబడే చోటు కూడా లేదు, పులిగడ్డ వంతెన దాటుతుండగా వచ్చింది. మోపిదేవిలో దిగిపోయింది. దిగగానే హాయిగా అనిపించింది. ఆ హాయే కొంప ముంచింది. "దిగాను కాబట్టి బతికాను" అని మెదడు పాఠం నేర్చుకుంది. మరుసటి వారం బస్సు చూడగానే దడ మొదలైంది, ఎక్కలేదు. మళ్ళీ హాయి. పాఠం ఇంకాస్త గట్టిపడింది.

బస్సు మానేశాక ఆటోలో, అదీ భర్త పక్కన ఉంటేనే. తరువాత సంత మానేసింది, ఎందుకంటే అక్కడ జనం. పెళ్ళిళ్ళకు వెళ్ళినా తలుపు దగ్గర కుర్చీ, భోజనం చేయకుండానే రావడం. ఆదివారం గుడిలో చివరి వరుస, అదీ సగంలో బయటికి. ఇంట్లో ఒక్కతే ఉండలేక చెల్లెల్ని పిలిపించుకుంది. రాత్రి పడుకుంటే గుండె చప్పుడు దిండులో వినబడుతుందని ఎడమవైపు తిరగడం మానేసింది. టీ కాయడానికి పొయ్యి దగ్గర నిలబడి కూడా నాడి పట్టుకుని లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. పిల్లవాడు బడి నుంచి అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆ అయిదు నిమిషాల్లో వాడికి జరగరానివన్నీ ఆవిడ మనసులో జరిగిపోతాయి. బయటివాళ్ళకు కనబడేది మాత్రం "ఆ అమ్మాయి ఎవరితోనూ కలవదు, గర్వం" అన్నది.

అందరికీ ఇలాగే రావాలని లేదు. కొందరికి దడ ఎప్పుడూ విరుచుకుపడదు. నెలల తరబడి ప్రతి చిన్నదానికీ చింత, మెడ పట్టేయడం, నిద్ర పట్టకపోవడం, విసుగు. డబ్బు ఉన్నా చింతే, లేకపోయినా చింతే. కొందరికి నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పూడుకుపోతుంది. గుడివాడ కాలేజీలో చదివే కుర్రవాడు పరీక్ష రోజు పొద్దున్నే వాంతులు చేసుకుంటే "ఏదో పడలేదు" అనుకుంటారు. మగవాళ్ళు దడ అని చెప్పుకోరు, సాయంత్రం మందు తాగి సర్దుకుంటారు. మద్యం ఆ పూటకు నెమ్మదింపజేస్తుంది, తెల్లవారి దిగేటప్పుడు రెట్టింపు దడ తెస్తుంది. చెరువుల మీద రాత్రి కాపలా ఉండే రొయ్యల రైతుల్లో ఇది మేము చూస్తూనే ఉన్నాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ఆందోళన రుగ్మతలతో ఉన్నవారు 35.9 కోట్లమంది. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో 12 రాష్ట్రాల్లో మానసిక ఆరోగ్య సర్వే చేశారు (మన రాష్ట్రం అందులో లేదు). ఆందోళన, కుంగుబాటు వంటి సామాన్య మానసిక జబ్బులున్న ప్రతి 100 మందిలో 85 మందికి వైద్యమే అందడం లేదని అందులో తేలింది. ఆ 85 మందీ ఎక్కడా వైద్యానికి వెళ్ళడం లేదని కాదు. మా అనుభవంలో వారు వెళ్తూనే ఉంటారు, వేరే తలుపులు తట్టుతూ ఉంటారు.

సెలైన్లు, గ్యాస్ బిళ్ళలు

మొదటి తలుపు ఊళ్ళోని ఆర్‌ఎంపీ గారిది. "నీరసం" అంటారు, ఒక సెలైన్ పెడతారు, అందులో పసుపుపచ్చని బలం మందు కలుపుతారు. గంటన్నర మంచం మీద పడుకుంటే ఎవరికైనా దడ తగ్గుతుంది. తగ్గించింది సెలైన్ అనుకుంటాము. రెండో తలుపు గ్యాస్. గుండెలో మంట, త్రేన్పులు, "గ్యాస్ పైకి తన్నుతోంది" అని ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళలు మింగేవారున్నారు. మూడోది విజయవాడ. టూడీ ఎకో, ట్రెడ్‌మిల్, తల స్కానింగు, ఒక్కోసారి యాంజియోగ్రామ్ కూడా. పుస్తెలు తాకట్టు పెట్టి చేయించుకున్నవారిని చూశాము. అన్నీ నార్మల్. నార్మల్ అన్న ప్రతిసారీ రెండు రోజులు ధైర్యం, మూడో రోజు "ఆ మిషనులో పట్టుకోలేకపోయారేమో" అన్న అనుమానం. నాలుగో తలుపు తాయెత్తు, గాలి సోకిందని దిష్టి తీయడం.

విశ్వాసుల ఇళ్ళలో ఇంకొక బాధ ఉంది. "ప్రార్థన తక్కువైంది, అందుకే భయం" అని తోటివారే అంటారు. షుగరు వచ్చినవాడితో ఎవరూ ఆ మాట అనరు. ప్రార్థన చేసుకోండి, బిళ్ళ కూడా వేసుకోండి. ఒకదానికొకటి అడ్డం కాదు.

పరీక్షలే వద్దని మేము అనడం లేదు. మొదటిసారి వచ్చిన దడకు ఈసీజీ, రక్తహీనత, థైరాయిడ్, షుగరు పరీక్షలు తప్పక చేయాలి. థైరాయిడ్ ఎక్కువైతే అచ్చం ఇలాగే ఉంటుంది: దడ, చెమట, చేతుల వణుకు, బరువు తగ్గడం. ఆస్తమాకు వాడే కొన్ని మందులు, రోజుకు ఏడెనిమిది టీలు కూడా దడ తెస్తాయి. అవి లేవని ఒకసారి గట్టిగా తేల్చుకున్నాక, అదే పరీక్ష నెలనెలా చేయించుకోవడం జబ్బుకు మేత వేయడమే. ఒక హెచ్చరిక: ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లని చెమట, కష్టపడి నడిచినప్పుడు రావడం, లేదా నలభై దాటినవారికి, షుగరు, బీపీ ఉన్నవారికి మొదటిసారి రావడం — ఇటువంటివాటిలో "గాబరాయేలే" అని ఇంట్లో తేల్చుకోకండి. వెంటనే ఆసుపత్రికి రండి. మేము తేలుస్తాము.

గాలివాన పేరు వింటే

మన ప్రాంతంలో భయానికి కారణం లేదని ఎవరూ అనలేరు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచినప్పుడు దాదాపు 30,000 మంది పోయారని చెబుతారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సర్కారు లెక్కలోనే పదివేలమంది వరకు పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి ఊళ్ళలో కుటుంబాలకు కుటుంబాలే లేకుండా పోయాయి. ఆ రోజు తాటిచెట్టు పట్టుకుని బతికిన పిల్లలకు ఇప్పుడు యాభై దాటింది. గాలి ఈల వేస్తే వారికి ఇప్పటికీ అన్నం దిగదు. 2004 డిసెంబరు 26న సునామీ మంగినపూడి తీరాన్ని తాకింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటేదాకా కోస్తా అంతా మేలుకునే ఉంది.

ఇక్కడ జబ్బు ఏది, జాగ్రత్త ఏది? మాకు తోచిన కొలత ఇది. జాగ్రత్తకు చేతిలో పని ఉంటుంది, పని అయ్యాక అది ఊరుకుంటుంది. ఆధార్, పాసుపుస్తకం, బిళ్ళలు ఒక కవరులో పెట్టడం, పశువుల కట్లు విప్పడం, చెప్పగానే తుపాను షెల్టరుకు వెళ్ళడం: ఇది జాగ్రత్త. దీన్ని తగ్గించమని ఎవరూ అడగరాదు. రాత్రంతా పది నిమిషాలకోసారి సెల్‌ఫోను తీసి ఎవరో పంపిన పాత వీడియోలు చూడటం, అల్పపీడనం అన్నమాట వింటేనే మూడు రోజులు వంట మానేయడం, వేసవిలో కూడా కిటికీ తలుపు కొట్టుకుంటే వణకడం: ఇది జబ్బు. తుపాను రోజుల్లో మేము చెప్పేది ఒక్కటే. వాతావరణ శాఖ బులెటిను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వినండి. అధికారులు దగ్గరపడిందని చెబితే అప్పుడు మరింత తరచుగా వినండి. మధ్యలో ఫోను పక్కన పెట్టండి. ఉప్పెనలో అయినవారిని పోగొట్టుకుని, ఆ దృశ్యమే కళ్ళ ముందుకు, కలలోకి వచ్చేవారి బాధ కొంచెం వేరు. దానికి వేరే వైద్యం ఉంది. నలభై ఏళ్ళు దాటాక కూడా చేయవచ్చు. "ఇన్నాళ్ళయింది, ఇప్పుడెందుకు" అని ఊరుకోకండి.

వెనక్కి, మెట్టు మెట్టుగా

ఇక ఆ అవనిగడ్డ అమ్మ సంగతి. వైద్యం రెండు చేతులతో జరిగింది.

ఒకటి మందు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి డాక్టరు రాస్తారు. ఇవి నిద్రమాత్రలు కావు. మొదటి వారం వికారం, కొంచెం ఎక్కువ దడ ఉండవచ్చు. ఈ ముక్క ముందే చెప్పకపోతే చాలామంది నాలుగో రోజుకే బిళ్ళలు కాలువలో పారేస్తారు. గుణం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగయిన తరువాత కూడా ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. గర్భం ఉంటే, రావాలనుకుంటే ముందే చెప్పాలి.

ఇక ఆల్ప్రజోలం అనే బిళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. వేసుకున్న అరగంటలో దడ మాయమవుతుంది, అందుకే పక్కింటివాళ్ళు కూడా ఇచ్చిపుచ్చుకుంటారు. కొద్ది రోజులకు, డాక్టరు చూపులో అయితే ఉపయోగమే. నెలల తరబడి వాడితే శరీరం దానికి అలవాటుపడుతుంది, మోతాదు పెరుగుతుంది, ఒక్కసారిగా మానితే ఫిట్లు రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడేది ఈ మందే. 2015లో అక్కడ కల్లు దొరకని రోజుల్లో వణుకుతో, వింత ప్రవర్తనతో జనం ఆసుపత్రులకు వచ్చారు. మీ ఇంట్లో ఎవరైనా ఏళ్ళుగా వాడుతుంటే రేపటి నుంచే ఆపేయకండి. తీసుకుని మా దగ్గరకు రండి, తగ్గించే పద్ధతి ఉంది.

రెండోది బస్సు. ఏ బస్సులో బతుకు చిన్నదైందో ఆ బస్సులోనే మళ్ళీ ఎక్కాలి. కౌన్సిలరు ఆవిడతో కూర్చుని ఒక కాగితం మీద మెట్లు రాశారు. మొదటి వారం అవనిగడ్డ బస్టాండులో ఆగి ఉన్న బస్సులో ఎక్కి కూర్చుని, దడ వచ్చినా దిగకుండా, అది తగ్గేదాకా ఉండి దిగడం. అంతే. మొదటి రోజు నలభై నిమిషాలు పట్టింది, కండక్టరు రెండుసార్లు "ఎక్కడికమ్మా" అని అడిగాడు. అయిదో రోజు పదిహేను నిమిషాలు. తరువాత మోపిదేవి దాకా, భర్త పక్క సీటులో. తరువాత భర్త వెనక సీటులో. తరువాత చల్లపల్లి దాకా, భర్త బండి మీద ముందే వెళ్ళి అక్కడ నిలబడి. శిఖరం మీద ఉండగా దిగిపోతే మెదడుకు పాత పాఠమే మళ్ళీ చెప్పినట్టు. కూర్చుంటే, దడ దానంతటదే దిగడం మెదడు చూస్తుంది. అది ఒకసారి చూస్తే చాలదు, చాలాసార్లు చూడాలి. మూడో వారంలో ఒక రోజు ఆవిడ మోపిదేవిలోనే దిగిపోయి ఏడ్చింది కూడా. మరుసటి రోజు మళ్ళీ ఎక్కింది. దడ వచ్చినప్పుడు మనసులో నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలడం నేర్పాము. దాన్ని దడను తరిమే మంత్రంలా వాడవద్దని, కూర్చోవడానికి ఊతంగా మాత్రమే వాడమని చెప్పాము.

ఇంట్లోవారికి కూడా పని ఉంది, అది ఆవిడ పనికన్నా కష్టం. భర్త మంచివాడు. ఆవిడ "ఏమండీ, నాకేమీ కాదు కదా" అని రోజుకు ఇరవైసార్లు అడిగితే ఇరవైసార్లూ "ఏమీ కాదు" అనేవాడు. సంత తనే చేసేవాడు, పిల్లల్ని తనే దింపేవాడు. ప్రేమతో చేసిన ఆ పనులే ఆవిడ ప్రపంచాన్ని ఇంకా చిన్నది చేశాయని చెబితే ఆయన ముఖం చిన్నబోయింది. మేము ఆయన్ని తప్పుపట్టలేదు. మేము ఇచ్చిన ఈసీజీలు కూడా ఆ "ఏమీ కాదు"లే కదా. ఇకపై ఒకసారి మాత్రమే జవాబు చెప్పి, రెండోసారి "ఇది దడ అడిగిస్తున్న ప్రశ్న, కూర్చుందాం, తగ్గుతుంది" అనమన్నాము. అత్తగారు మొదట "మా రోజుల్లో ఈ జబ్బులెక్కడివి" అన్నారు. నాలుగు మాటలయ్యాక, 77 ఉప్పెన తరువాత తాను రెండేళ్ళు కాలువ గట్టు దాటలేదని ఆవిడే చెప్పారు.

మానసిక వైద్యుడంటే ఎర్రగడ్డ, విశాఖ ఆసుపత్రి గుర్తొచ్చి చాలామంది వెనకాడతారు. ఈ జబ్బుకు అడ్మిషనే అక్కర్లేదు, ఓ.పి.లో చూపించుకుంటే సరిపోతుంది. మాలాంటి ఆసుపత్రిలో మామూలు డాక్టరు కూడా మొదలుపెట్టవచ్చు. బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, అక్కడి సర్వజన ఆసుపత్రిలో కూడా అడగవచ్చు. గడప దాటలేనివారికి ఫోను ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రాత్రే ఆ నంబరుకు ఫోను చేయండి, లేదా మా క్యాజువాలిటీకి రండి, ఎంత రాత్రయినా సరే.

ఆవిడ పోయిన నెల ఓ.పి.కి ఒక్కతే వచ్చింది, అవనిగడ్డ నుంచి బస్సులో. దడ రాలేదా అని అడిగితే, "చల్లపల్లి దగ్గర వచ్చింది సిస్టర్. కూర్చున్నాను, ఘంటసాల రోడ్డు దాటేసరికి పోయింది" అన్నది. నాడి ఇంకా అప్పుడప్పుడు పట్టుకుని చూసుకుంటుందట. పాత రిపోర్టుల సంచి ఏదని అడిగాము. ఇంట్లో బీరువా పైన ఉందట, పారేయడానికి ఇంకా ధైర్యం చాలలేదట. బిళ్ళలు ఇంకో అయిదు నెలలకు రాశాము. కోనేరు సెంటరులో పిల్లలకు బట్టలు కొనుక్కుని మూడింటి బస్సుకు వెళ్ళాలని లేచి వెళ్ళిపోయింది.